కొత్త బెల్టు వేసినా డెక్కు ఆగిపోతుంటే

కొత్త బెల్టు వేశాక కూడా మీ క్యాసెట్ డెక్కు ప్లే నొక్కిన కాసేపటికే ఆగిపోతోందని అడిగారు. లోపం కొత్త బెల్టుది కాకపోవచ్చు. పాత బెల్టు కరిగి మోటారు పుల్లీ (బెల్టును తిప్పే చిన్న చక్రం) గాడిలో వదిలిన నల్లటి జిగురును చూడండి. నాలుగు సెకన్లు పాడి ఆగుతోందన్నారు కదా, అంటే టేపును చుట్టుకునే కుడి చక్రం తిరగడం లేదు. అది గ్రహించి టేపు నలగకముందే ఆగిపోయేలా డెక్కును తయారుచేశారు. ఎంత అందమైన ఆలోచన!

1. ప్లగ్ తీసేసి, బెల్టు విప్పండి.

2. చాలామంది పెద్ద ఫ్లైవీలును (బెల్టుతో తిరిగే బరువైన చక్రాన్ని) తుడిచి, వేలెడంత కూడా లేని మోటారు పుల్లీని మరిచిపోతారు. అసలు జారుడంతా అక్కడే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లను గాడిలో పెట్టి, దూది తెల్లగా వచ్చేవరకు పుల్లీని చేత్తో తిప్పండి. ఒంగోలులో నాకు దొరికిన డెక్కుకు ముప్పై పుల్లలు పట్టాయి. కిరోసిన్ వద్దు, జిడ్డు మిగులుతుంది. స్క్రూడ్రైవరుతో గీకవద్దు, గాడి దెబ్బతింటే పాట ఊగుతుంది.

3. జిగురు అంటిన వేళ్లతో కొత్త బెల్టును ముట్టుకోవద్దు. దాన్ని కూడా తుడిచి, మెలిక పడకుండా వేయండి.

4. పోయినా బాధలేని సీ-60 (రెండు వైపులా కలిపి 60 నిమిషాల) క్యాసెట్ పెట్టండి. ఒక వైపు సుమారు 30 నిమిషాలు ఆగకుండా నడవాలి.

అప్పటికీ ఆగితే కుడి చక్రాన్ని తిప్పే చిన్న రబ్బరు చక్రం నునుపెక్కిందేమో చూడండి. నెల్లూరు ఎండల్లో రేకుల గదిలో ఉంచిన డెక్కుల్లో అది కూడా గట్టిపడుతుంది.