వాకిట్లో తెల్ల రాయి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో ఇల్లు కడుతున్నాం. వాకిలి పడమర ముఖం. మధ్యాహ్నం నల్ల గ్రానైట్ మీద కాలు పెట్టలేమని లేత రంగు రాయి వేద్దామనుకుంటున్నాం. షాపులో పాలిష్ చేసిన తెల్ల మార్బుల్ చూపించారు. మేస్త్రీ పసుపు తాండూరు అంటున్నాడు. కారు కూడా అక్కడే పెడతాం. ఏది మేలు?

జవాబు: ఒక్క సవరణతో మీ మేస్త్రీ మాటే వినండి. పాలిష్ మార్బుల్ వాకిలికి పనికిరాదు. వానకు జారుతుంది, పడమటి ఎండలో కళ్లు తెరవనివ్వదు. ఆరుబయట పాలలాంటి తెలుపు కన్నా మీగడ రంగు, లేత పసుపు, లేత బూడిద రంగులే కంటికి హాయి. నమూనా ముక్కలు రెండు మూడు తెచ్చి ఉదయం పదింటికి డాబా మీద పెట్టండి. రెండింటికి వెళ్లి చెప్పుల్లేకుండా ఒక్కోదాని మీద నిలబడండి. ఏది కొనాలో మీ పాదమే చెబుతుంది.

తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాళ్లు. సున్నపురాయంటే చిన్నచూపు అక్కర్లేదు, అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది పల్నాటి లేత సున్నపురాతి మీదే. కాకపోతే వాటి మీద ఎవరూ కారు పెట్టలేదు! చక్రాలు నడిచే మేర మాత్రం 30 మి.మీ. మందం లేత బూడిద గ్రానైట్, మంట పెట్టి గరుకు చేసినది (ఫ్లేమ్డ్ అని అడగండి) వేయండి. మిగతా వాకిలంతా పాలిష్ లేని తాండూరు చాలు.

కొనేముందు మూడు పరీక్షలు. బండను నిలబెట్టి చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పొర విడిపోయి ఉంది. ఒక ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఉంచండి. మెరుపు పోయి మచ్చ పడితే అది సున్నపురాయో మార్బులో, గ్రానైట్ అని అమ్మితే నమ్మొద్దు. మూడోది తూకం. రెండు రోజులు ఎండబెట్టిన ముక్కను తూచి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. 1000 గ్రాములది 1005 అయితే నిశ్చింత. 1030 దాటితే అది తడి తగిలే చోటికి రాకూడదు. లేత రాయికి ఎండ శత్రువు కాదు, లోపలికి పీల్చుకున్న నీరే శత్రువు.

పరిచేటప్పుడు అడుగున 4 అంగుళాల కాంక్రీటు, పైన ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక. మాలు రాయి అడుగంతా పరుచుకోవాలి. నాలుగు మూలలా, మధ్యలో ఒక్కో ముద్ద పెట్టి రాయి దించేసే మేస్త్రీలున్నారు. కింద బోలుగా ఉన్న మూల మీదికి చక్రం ఎక్కిందంటే ఆ మూల విరుగుతుంది. రాయికి రాయి ఆనించకుండా 5 మి.మీ. సందు ఉంచండి. ప్రతి 10–12 అడుగులకు ఒక సందులో సిమెంటు బదులు సాగే సీలెంట్ నింపండి, లేకపోతే మే నెల ఎండకు రాళ్లు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. నీటి వాటం పది అడుగులకు అంగుళంన్నర. రాళ్లు కొలతకు 8–10 శాతం ఎక్కువ తెచ్చుకోండి, అదీ ఒకే లాటులో.

ఇక ముఖ్యమైన మాట: పనయ్యాక సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడుగుతానంటే ససేమిరా అనండి. సున్నపురాయి నురగలు కక్కి, పైపొర కరిగిపోతుంది. మాలు తడిగా ఉండగానే స్పాంజితో తుడిపించుకుంటే యాసిడ్ అవసరమే రాదు.

ప్రశ్న: విజయవాడ భవానీపురంలో మా వరండాకు తెల్ల మార్బుల్ వేయించి ఎనిమిది నెలలైంది. గోడ పక్కన పసుపు, గోధుమ రంగు మరకలు తేలాయి. ఎంత కడిగినా పోవడం లేదు. రాయి నకిలీదా?

జవాబు: నకిలీది కానక్కర్లేదు. తెల్ల మార్బుల్లో కూడా కంటికి కనబడని ఇనుము ఉంటుంది. కింద తడి నిలిస్తే అది తుప్పు పట్టి పైకి రంగు తేలుతుంది. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లతో రోజూ కడిగినా ఇదే వరస.

ముందు తడి ఎటునుంచో తేల్చండి. మరక ఉన్నచోట రెండడుగుల పాలిథిన్ ముక్క పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు కవరు లోపలి వైపు చెమట పట్టి ఉంటే నీరు కింది నుంచి వస్తోంది. గోడ పక్క మరకలంటున్నారు కాబట్టి బయట మొక్కల కుండీలు, గోడలోని పైపు చూడండి. ఆ నీటిని ఆపి రాయిని నెలా రెండు నెలలు ఆరనివ్వండి. అంతవరకు పైన ఏ పూతా వద్దు. తడి లోపల బంధించినట్టవుతుంది.

ఆరాక కూడా మిగిలిన మరకకు సోడియం హైడ్రోసల్ఫైట్‌తో లేపనం వేసి లాగుతారు. అది మార్బుల్ పాలిష్ పనివాళ్లలో అనుభవమున్నవారితోనే చేయించండి. బజారులో దొరికే తుప్పు మందుల్లో యాసిడ్ ఉంటుంది, ముట్టుకోకండి. రాళ్లు లేపి మళ్లీ వేయించాల్సి వస్తే తెల్ల సిమెంటు, కడిగిన ఇసుక వాడించండి. మామూలు సిమెంటు బూడిద రంగు పలచటి మార్బుల్లోంచి నీడలా కనిపిస్తుంది.

ప్రశ్న: గడప ముందు లేత రాయి మీద పసుపు మరక. వాషింగ్ సోడాతో రుద్దితే ఎర్రబడింది! (గుంటూరు, బ్రాడీపేట)

జవాబు: పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ. సోడా, బట్టల సబ్బు క్షారాలు, పసుపును ఎర్రబరుస్తాయి. మంచినీళ్లతో బాగా కడగండి, మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. తర్వాత మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది తడిపి మరక మీద పరిచి, ప్లాస్టిక్ కవరు కప్పి నాలుగైదు గంటలుంచండి. మిగిలింది ఎండకే వదిలేయండి, పసుపు ఎండకు వెలిసిపోతుంది. నూనె మరకైతే ముగ్గుపిండిని థిన్నర్‌తో ముద్ద చేసి పావు అంగుళం మందాన పట్టించి, కవరు కప్పి, ఒక రోజు తర్వాత కవరు తీసి ఎండనివ్వండి. పిండి ఆరుతూ నూనెను పైకి లాగుతుంది. దగ్గర్లో దీపం ఉండకూడదు.

ప్రశ్న: మాది నల్లరేగడి. తోటలో తెల్ల రాళ్ల బాట వేస్తే రెండో వానకే ఎగుడుదిగుడైంది.

జవాబు: రేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, రాయి దాంతోపాటు ఆడుతుంది. అడుగున్నర లోతు తవ్వి రేగడి తీసేయండి. అడుగు మేర గ్రావెల్ వేసి, రెండు దఫాలుగా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించండి. దాని మీద నాలుగంగుళాల క్వారీ డస్ట్, ఆపైన రెండంగుళాల మందం రాళ్లు. సిమెంటు వద్దు. రాయి మధ్య నుంచి రాయి మధ్యకు రెండడుగులుంటే నడకకు సరిపోతుంది. నేరేడు చెట్టు కింద మాత్రం లేత రాయి వేయకండి, ఆ కాయల మరకతో వేగలేరు.

ప్రశ్న: డాబా మీద కూడా లేత బండలు పరిస్తే ఇల్లు చల్లబడుతుందా? (విజయవాడ, పటమట)

జవాబు: చల్లబడుతుంది, కానీ బరువు చూడండి. అంగుళం బండ, అంగుళంన్నర మాలు కలిస్తే చదరపు అడుగుకు 13 కిలోల పైమాటే. వెయ్యి అడుగుల డాబా మీద 13 టన్నులు. పాత స్లాబు అయితే ఇంజనీరు చూడనిదే ఒక్క బండ కూడా పైకెక్కించకండి. తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు వేస్తే ఆ చల్లదనం చాలావరకు వస్తుంది. పూతకు ముందు పగుళ్లు పూడ్పించి, డాబా పూర్తిగా ఆరిన వారం చూసి వేయించండి.