రెండంగుళాల లిఫ్ట్ కిట్: చౌకది వేయించుకుంటే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: నా దగ్గర పాత ఫోర్ బై ఫోర్ బండి ఉంది. సెలవు రోజుల్లో రాళ్ల దారుల్లో తిప్పుతుంటే కింద తగులుతోంది. సస్పెన్షన్ రెండంగుళాలు లేపిద్దామనుకున్నాను. స్పేసర్లు (స్ప్రింగుల దగ్గర ఇరికించే దిమ్మలు) వేస్తే చౌకలో అయిపోతుందని, రెండంగుళాల వరకు ఆర్టీఓ వాళ్లు పట్టించుకోరని గ్యారేజీ వాళ్లు చెబితే అడ్వాన్స్ ఇచ్చాను. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లతో వచ్చే పూర్తి కిట్ నా బడ్జెట్‌కు మించిపోతోంది. ఇబ్బంది లేకుండా ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ రెండంగుళాల సంగతి తేల్చుకుందాం. అంతవరకు ఫర్వాలేదనే మినహాయింపు మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. ఎత్తు అంతకు మించితే చక్రాలకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్, యాక్సిల్ జాయింట్ల కోణాలు మరీ మారిపోయి మరిన్ని పార్టులు మార్చాల్సి వస్తుంది కాబట్టి మెకానిక్కులు రెండంగుళాల దగ్గర ఆగమంటారు. అది బండికి సంబంధించిన లెక్క. కేసు పెడితే మిమ్మల్ని కాపాడదు.

1988 నాటి చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీ కంపెనీ మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారేలా ఏ వాహనాన్నీ మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ(4) సెక్షన్ శిక్ష సంగతి చూస్తుంది. చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 'ఒక్కో మార్పుకు' అన్న మాటను గమనించండి. లిఫ్ట్‌తో పాటు పెద్ద టైర్లు, కొత్త బంపరు కూడా వేయించుకుంటే వాటిని విడివిడిగా లెక్కగట్టే వీలుంది.

'ఆర్సీలో ఎత్తే రాయరు కదా, ఇక తేడా ఎక్కడిది?' అని చాలామంది నన్ను అడుగుతారు. తీసిపారేయదగ్గ వాదన కాదిది. 52వ సెక్షన్ వివరణలో కూడా, బండి నిర్మాణంలో మార్పు వల్ల దాని ప్రాథమిక లక్షణం మారితేనే 'ఆల్టరేషన్' అని ఉంది. రెండంగుళాలతో ప్రాథమిక లక్షణం మారిందా అని కోర్టులో వాదించవచ్చు. కానీ అది కేసు పడ్డాక చేసే వాదన. సుప్రీంకోర్టు వాడిన మాటలు మీకు అనుకూలంగా లేవు. ఆ వాదనను నమ్ముకుని డబ్బు పెట్టమని మీకు నేను చెప్పను.

కిట్ కొనే ముందు ఒక పని చేయండి. బండిని చదునైన నేల మీద ఖాళీగా నిలిపి, చక్రం మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలవండి. కంపెనీ సర్వీసు సెంటర్‌లో మీ మోడల్‌కు అసలు ఎంత ఉండాలో అడగండి. పాత బండ్లలో కాయిల్ స్ప్రింగులు, కమాన్ పట్టీలు బరువుకు కుంగిపోతాయి. మీరు వెతుకుతున్న ఎత్తులో కొంత అక్కడే పోయి ఉండవచ్చు. కంపెనీ స్పెసిఫికేషన్‌కు సరిపోయే కొత్త స్ప్రింగులు, షాక్‌లు వేయించుకోవడం రిపేరు కిందికే వస్తుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పూర్తి కిట్‌తో పోలిస్తే ఖర్చు కూడా సాధారణంగా తక్కువే. దీనితో పాటు మీ మోడల్‌కు కంపెనీ మాన్యువల్ అనుమతించిన టైరు సైజుల్లో పెద్దది వేసుకోండి. తక్కువ బడ్జెట్‌లో నా సలహా ఇదే.

అంతకు మించి లేపాలనుకుంటే, కిట్ పార్టు నంబర్లతో సహా ఆర్టీఓ కార్యాలయానికి ముందే దరఖాస్తు పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కాదంటే ఆగిపోండి. అనుమతి లేనప్పుడు స్పేసర్లైనా, ఖరీదైన కిట్టైనా చట్టం దృష్టిలో ఒకటే. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. స్పేసర్ బండిని లేపుతుంది గానీ షాక్ అబ్జార్బర్ పొడవు పెంచదు. దాంతో చక్రం గుంతలోకి దిగేటప్పుడు షాక్ ముందే చివరికి వచ్చి కొట్టుకుంటుంది. బ్రేకు గొట్టాలు పాతవే ఉంటే చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు లాగినట్టవుతాయి. గురుత్వ కేంద్రం పైకి జరిగి, మలుపుల్లో బోల్తా ముప్పు పెరుగుతుంది. ప్రమాదం తర్వాత మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ బండిని పరిశీలించి నివేదిక రాస్తారు. అందులో ఈ మార్పులు నమోదైతే, ఎవరైనా చనిపోయిన కేసులో నిర్లక్ష్యాన్ని చూపడానికి పోలీసులకు పనికొస్తాయి. భారతీయ న్యాయ సంహిత 106(1) కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

హెడ్‌లైట్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. బండి ఎత్తు పెరిగితే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది కాంతి కిందికి వంగి ఉండాలని, కళ్లు చెదరగొట్టకూడదని చెబుతుంది. ఎత్తు ఎలా మారినా లైట్ల కోణం సరిచేయించుకోవాలి.

ఇన్సూరెన్స్ విషయంలో రెండింటిని వేరుగా చూడండి. మీ వల్ల దెబ్బతిన్న మూడో వ్యక్తికి పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి చట్టం ఇచ్చిన కారణాలు పరిమితమే. అయినా చెల్లించాక ఆ సొమ్ము మీ నుంచి రాబట్టుకోవాలని అది వాదించవచ్చు. మీ సొంత బండి నష్టానికి వచ్చేసరికి మీరు పాలసీ షరతులకు కట్టుబడాలి. మార్పు చెప్పకుండా దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు, కోత పెట్టవచ్చు. ఏజెంటుకు ఫోన్లో చెప్పాను అంటే నిలబడదు. కంపెనీకి ఈమెయిల్ పంపి, జవాబు దాచుకోండి.

ఇక మీ అడ్వాన్స్. గ్యారేజీ వాళ్లను ఒక్క వాక్యం రాసివ్వమనండి: 'ఈ మార్పు చట్టబద్ధం, ఆర్టీఓ అభ్యంతరం ఉండదు' అని, సంతకం, ముద్రతో. రాసివ్వరనే అనుకుంటున్నాను. అప్పుడు పని మొదలుపెట్టకముందే ఆర్డరు రద్దు చేస్తున్నట్టు, తప్పుడు సమాచారం నమ్మి ఇచ్చిన డబ్బు తిరిగివ్వమని వాట్సాప్‌లోనైనా సరే, రాతపూర్వకంగా అడగండి. వాళ్లు పంపిన పాత మెసేజ్‌లు, చెల్లింపు రసీదు చెరిపేయవద్దు. తిరిగివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. ఐదు లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు కూడా ఉండదు.