పాఠకుల ప్రశ్నలు: సువార్త గీతాలు, వాటిని కట్టినవారు

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. ఆదివారం మందిరంలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజుల్లో ఆర్కెస్ట్రాతో కలిసి పెళ్లిళ్లకూ జాతరలకూ వెళ్తాడు. ఆ డబ్బుతోనే ఇంటి అద్దె, వాడి చెల్లెలి కాలేజీ ఫీజు గడుస్తున్నాయి. ఈ మధ్య సంఘ పెద్దల్లో ఇద్దరు, జాతరలో సినిమా పాటలు వాయించిన చేతులతో ఆరాధనలో వాయించడం తగదని నలుగురి ముందూ అన్నారు. ఆ రోజు నుంచి వాడు మందిరానికి రావడం లేదు. పదిహేను రోజులయింది. అమెరికాలో టామస్ డోర్సీ అనే ఆయన మొదట తాగుడు పాకల్లో పియానో వాయించి, తరువాత గొప్ప భక్తి గీతాలు రాశారని ఎవరో చెప్పగా విన్నాను. అది నిజమేనా? ఆయన జీవితం గురించి కొంచెం వివరంగా చెప్పండి.

జవాబు: నిజమేనమ్మా. టామస్ ఆండ్రూ డోర్సీ 1899 జులై 1న అమెరికా దక్షిణ ప్రాంతంలోని జార్జియా రాష్ట్రంలో, విల్లా రికా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి బాప్టిస్టు బోధకుడు. బోధ ఒక్కటే ఇల్లు గడపదు కాబట్టి, పంటలో వాటాకు ఒప్పుకొని ఇతరుల పొలం కూడా చేసేవారు. తల్లి ఎట్టా మందిరంలో ఆర్గన్ వాయించేవారు. కుటుంబం అట్లాంటా నగరానికి చేరిన తరువాత, నాలుగో తరగతితో చదువు మానేసిన ఆ కుర్రవాడు ఒక థియేటర్లో సోడాలు అమ్ముతూ, అక్కడి పియానో వాద్యకారుల వేళ్లు ఎటు కదులుతున్నాయో చూసి చూసి విద్య పట్టుకున్నాడు. 1916లో షికాగోకు వెళ్లి, రాత్రి విందుల్లోనూ మద్యశాలల్లోనూ వాయించి పొట్టపోసుకున్నాడు. అమెరికా నల్లజాతివారి లౌకిక గీతాల బాణీని బ్లూస్ అంటారు. మా రేనీ అనే ప్రసిద్ధ బ్లూస్ గాయని వాద్యబృందాన్ని నడిపాడు. 'జార్జియా టామ్' అన్న పేరుతో 1928లో టాంపా రెడ్ అనే గిటారు వాద్యకారుడితో కలిసి ఒక ద్వంద్వార్థాల పాట రికార్డు చేస్తే అది విపరీతంగా అమ్ముడుపోయింది. మీ అబ్బాయి జాతరలో వాయించే ఏ సినిమా పాటకూ అది తీసిపోయేది కాదు.

అదే కాలంలో ఆయన తీవ్రమైన దిగులులో పడి, చాలాకాలం పియానో ముట్టుకోలేని స్థితికి వెళ్లారు. దాని నుంచి తేరుకుంటూనే భక్తి గీతాలు రాయడం పెంచారు. ఆ పాటల్లో మాట బైబిలుది, నడక మాత్రం బ్లూస్‌ది. నల్లజాతివారి సంఘాల్లో పేరూ హోదా ఉన్నవి అప్పటికి ఐరోపా పద్ధతిలో నిదానంగా, స్వరలిపి చూసి పాడటాన్నే గౌరవంగా భావించేవి. ఈయన పియానో మీద చెయ్యి వేయగానే, ఇది సారా దుకాణం కాదని చెప్పి పంపించివేసేవారు. ఎన్నో మంచి మంచి మందిరాల నుంచి తనను గెంటేశారని ఆయనే తరువాత చెప్పుకున్నారు. పాటలు అచ్చువేయించి ఊరూరి సంఘాలకు పోస్టులో పంపిస్తే చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. మీ అబ్బాయి పడింది పదిహేను రోజుల అవమానం, ఆయన పడింది కొన్నేళ్లది.

ఇక 1932 సంగతి. ఆ సంవత్సరమే ఆయన షికాగోలోని పిల్‌గ్రిమ్ బాప్టిస్టు సంఘంలో గాయక బృందాన్ని చేపట్టారు. ఆగస్టులో సెయింట్ లూయిస్ నగరంలో ఉజ్జీవ సభలకు పాడటానికి పిలుపు వచ్చింది. భార్య నెట్టీకి నెలలు నిండాయి. కారులో కొంత దూరం వెళ్లాక పాటల సంచి మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చారు. నెట్టీ నిద్రపోతోంది. మంచం పక్కన కాసేపు నిలబడ్డారు. ఉండిపోవాలని ఒక పక్క మనసు లాగుతూనే ఉన్నా, ఆమెను లేపకుండా సంచి తీసుకొని బయలుదేరారు. సభలో పాడి కూర్చున్న వేళ ఒక కుర్రవాడు టెలిగ్రాం తెచ్చి చేతిలో పెట్టాడు. నెట్టీ చనిపోయిందని అందులో ఉంది. ఇల్లు చేరేసరికి మగబిడ్డ ప్రాణంతో ఉన్నాడు కానీ ఆ పసివాడూ నిలవలేదు. తల్లినీ బిడ్డనీ ఒకే పెట్టెలో ఉంచి పాతిపెట్టారు.

దేవుడి మీద కోపం వచ్చిందనీ, ఇక భక్తి గీతాలు మానేసి పాత వృత్తికే పోదామనుకున్నాననీ ఆయన దాచుకోకుండా చెప్పారు. కొన్నాళ్లకు థియోడర్ ఫ్రై అనే గాయక మిత్రుడు ఆయనను వెంటబెట్టుకొని తిరుగుతూ, ఒక సౌందర్య విద్యాలయంలోని సంగీతపు గదికి తీసుకువెళ్లాడు. అక్కడ పియానో ముందు కూర్చుంటే వేళ్లు వాటంతటవే ఒక పాత కీర్తన బాణీని వెతుక్కున్నాయి. మాటలు కూడా వచ్చాయి. మొదట ప్రభువును ధన్యుడా అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. ఫ్రై విని, ఆ మాట కాదు, ప్రశస్తమైనవాడా, అమూల్యుడా అని పిలవమన్నాడు. అలా పుట్టిందే 'ప్రెషస్ లార్డ్' అన్న గీతం. నా చెయ్యి పట్టుకో, అలసిపోయాను, నడవలేకపోతున్నాను అని ఒక మనిషి అడగడం తప్ప అందులో మరొకటి లేదు.

ఆ బాణీ ఆయన సొంతం కాదని, పంతొమ్మిదో శతాబ్దపు ఒక కీర్తనదని సంగీతం తెలిసినవారు చెబుతారు. సొంతమైనది ఆ బాణీని సాగదీసిన తీరు. స్వరం మీద నిలబడి ఒక్కసారిగా కిందికి జారడం, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ వదలడం, గొంతు పగిలినట్టు అనిపించే ఆ అరస్వరాలు, ఇవన్నీ ఆయన మద్యశాలల్లో నేర్చినవే. ఏ చేతులను సంఘాలు గుమ్మం బయట నిలబెట్టాయో ఆ చేతుల్లో ఉన్న ఆ పనితనం లేకపోతే ఈ పాట ఇంత దుఃఖాన్ని మోసేది కాదని నా నమ్మకం. తరువాత అవే సంఘాలు ఆయనను గోస్పెల్ సంగీత పితామహుడని, అంటే సువార్త గీతాలకు తండ్రి అని పిలిచాయి. పిల్‌గ్రిమ్ సంఘంలో దశాబ్దాల పాటు బృందాన్ని నడిపి, 1993 జనవరిలో తొంభై మూడేళ్ల వయసులో షికాగోలో కన్నుమూశారు.

ఒక మాట దాచకూడదు. ఆ దుఃఖం తరువాత డోర్సీ బ్లూస్ వాయించడం పూర్తిగా మానేశారు. అయితే ఆ నిర్ణయం ఆయనే తీసుకున్నారు, అప్పటికి అచ్చు పాటల అమ్మకం, గాయక బృందం ఆయనకు ఆధారమయ్యాయి. పాత సంగీతాన్ని ఆయన ఎన్నడూ తిట్టిపోయలేదు. మీ అబ్బాయి ఆర్కెస్ట్రా మానేస్తే చెల్లెలి ఫీజు ఎవరు కడతారో చెప్పకుండా మానెయ్యమనడం న్యాయం కాదు.

మన ప్రాంతపు సంగతి కూడా పెద్దలకు గుర్తుచేయండి. తెలుగు క్రైస్తవ కీర్తనలకు తొలి పెద్దదిక్కు అయిన పురుషోత్తమ చౌదరి (1803-1890) పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందినవారు. ఆయన తనకు తెలిసిన కర్ణాటక బాణీలను గుమ్మం బయట వదిలిపెట్టి రాలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన కీర్తనకూ పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అంతకు ముందు ఇతర దేవతల పేర్లతో పాడుకున్న రాగాలే అవి. మన జిల్లాల్లో మందిరాలు కట్టించిన కెనడా బాప్టిస్టు మిషనరీలు కూడా ఆ కీర్తనలను కాదనలేదు.

నా చిన్నప్పుడు రాజాం దగ్గర మా ఊరి మందిరంలో హార్మోనియం వాయించిన పెద్దాయన, శనివారం రాత్రంతా పౌరాణిక నాటకంలో పద్యాలకు వాయించి, తెల్లవారి తలస్నానం చేసి నేరుగా ఆరాధనకు వచ్చేవారు. ఆయన పెట్టె తిత్తికి చిల్లు పడితే సైకిలు ట్యూబు ముక్క అతికించుకున్నారు. గాలి ఊదినప్పుడల్లా ఆ అతుకు దగ్గర చిన్న ఈల వినిపించేది. రాగం తీసే ముందు ఆయన ఎడమచేత్తో ఆ అతుకును ఒకసారి నొక్కి చూసుకునేవారు. మధ్యాహ్నం నాటకంవాళ్లు డబ్బు పంపిస్తే, అందులోంచి ఒక రూపాయి కానుక పెట్టెలో వేసేవారు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు.

మీరు చేయవలసింది ఇది. పెద్దలతో వాదించకుండా ముందు పాస్టరుగారి దగ్గరికి అబ్బాయినీ వెంటబెట్టుకొని వెళ్లండి. వేళకు రావడం, మందు ముట్టకుండా రావడం, సాధన చేసి రావడం, ఈ మూడూ సంఘం అడగదగినవి, వాటికి మాట ఇప్పించండి. ఏ పాట వాయించి ఇంటి అద్దె కట్టాడన్నది మరో విషయమని నెమ్మదిగా చెప్పండి. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోమని అడగడంలో తప్పు లేదు. కానీ వచ్చే ఆదివారం దాటనివ్వకండి. ఇరవై రెండేళ్ల పిల్లవాడు మందిరానికి నెల రోజులు దూరమైతే, మళ్లీ రావడానికి గుమ్మం చాలా ఎత్తుగా కనిపిస్తుంది.

ప్రశ్న: నేను టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాను. ఉజ్జీవ సభల్లో పాడతాను. అమెరికా గాయని మహాలియా జాక్సన్ లాగా భక్తి పాటలే పాడి జీవించాలని ఉంది. కానీ పిలిచినవారు ఆటో చార్జీ కూడా ఇవ్వరు. అడిగితే దేవుని పనికి డబ్బు అడుగుతున్నావా అంటున్నారు. నా ఆశ తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. మహాలియా జీవితంలో నువ్వు మొదట తెలుసుకోవలసింది ఆమె పాటను గురించి కాదు, ఆమె పనులను గురించి. 1911 అక్టోబరు 26న న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి, పసితనంలోనే తల్లిని పోగొట్టుకొని, గట్టి క్రమశిక్షణ గల తల్లి తోబుట్టువు ఇంట్లో పెరిగింది. ఇంటి పక్కనే ఉన్న మరో సంఘంలో డప్పులూ చప్పట్లతో పాడే తీరు గోడ అవతలి నుంచి చెవిన పడేది. తన గొంతులోని లయ అక్కడిదేనని ఆమె చెప్పుకుంది. షికాగో వచ్చాక బట్టలు ఉతికింది, ఇళ్లలో పనిచేసింది, తరువాత కేశాలంకరణ దుకాణం పెట్టుకుంది. పైన చెప్పిన డోర్సీ కొత్త పాటలను జనానికి పాడి వినిపిస్తూ, అచ్చు కాగితాలు అమ్మి పెడుతూ ఆయనతో ఊళ్లు తిరిగింది. 1947లో పాడిన ఒక రికార్డు లక్షల్లో అమ్ముడుపోయేదాకా ఆమెది రెండు పనుల జీవితమే.

నైట్ క్లబ్బుల్లో పాడమని పెద్ద పెద్ద మొత్తాలు ఇవ్వజూపినా వెళ్లలేదు. అలాగని ఊరకే పాడలేదు. కొందరు నిర్వాహకులు ఎగవేసిన అనుభవంతో, పాడే ముందే డబ్బు చేతిలో పెట్టమని గట్టిగా అడిగేది. ఆ రెండు నియమాలూ ఒకే మనిషిలో ఉండటంలో నాకు వైరుధ్యం కనిపించదు. బోధకుడికి కానుక ఇచ్చి, మైకు సెట్టు వాడికి అద్దె ఇచ్చి, పాడిన పిల్లకు మాత్రం ఆశీర్వాదంతో సరిపెట్టడం పద్ధతి కాదు. పిలిచినప్పుడే ప్రయాణ ఖర్చు ఎంతో మర్యాదగా చెప్పు. నిరుపేద సంఘమైతే వదులుకో, ఆ నిర్ణయం నీ చేతిలో ఉండాలి.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో నల్లజాతివారి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగానికి ముందు పాడిందీ, ఆయన ప్రసంగం నడుమ కల గురించి చెప్పమని వెనుక నుంచి కేకవేసిందీ ఆమే. 1968లో ఆయన అంత్యక్రియల్లో డోర్సీ గీతాన్నే పాడింది. 1971లో మన దేశానికి వచ్చి ఇందిరాగాంధీని కూడా కలిసింది. మరుసటి ఏడాది జనవరిలో అరవై ఏళ్లకే చనిపోయింది. స్వరలిపి చదవడం ఆమెకు రాదు. అది చూసి నువ్వు మాత్రం చదువు మానకు. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాల మీకు బస్సు దూరంలోనే ఉంది. ఘంటసాల వారాలు చెప్పుకొని, మధూకరం ఎత్తుకొని చదువుకున్న చోటది. డిగ్రీ పూర్తయ్యాక అక్కడ గాత్రం నేర్చుకుంటే, సభలు లేని నెలల్లో పిల్లలకు పాఠం చెప్పుకొని బతకవచ్చు.

ప్రశ్న: చీపురుపల్లి నుంచి రాస్తున్నాను. నేను రాసిన పాటను వేరొకరు తమ పేరుతో యూట్యూబ్‌లో పెట్టారు. రిజిస్టరు చేయించలేదు కాబట్టి నాకు హక్కు లేదా?

జవాబు: ఉందండీ. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు అది ఉంటుంది. సాహిత్యానికి ఒక హక్కు, బాణీకి ఒక హక్కు, రికార్డింగుకు మరొక హక్కు విడివిడిగా ఉంటాయి. కాబట్టి ఆ బాణీ మీది కాకపోయినా మాటలు మీవైతే మాటల మీద ఫిర్యాదు చేయవచ్చు. రిజిస్ట్రేషన్ వివాదంలో సాక్ష్యంగా పనికొస్తుంది, అందువల్ల ఇకపై చేయించుకోవడం మంచిది.

డోర్సీకి కూడా లెక్కలూ కాగితాలూ చూసుకునే అలవాటు తక్కువ. శాలీ మార్టిన్ అనే గాయని వచ్చి ఆయన అచ్చు వ్యాపారాన్ని చక్కదిద్దేదాకా, ఎంత వస్తోందో ఎంత పోతోందో ఆయనకే తెలియదు. మీరు ముందుగా పాట మొదట రాసుకున్న నోటుపుస్తకం, సంఘంలో మొదటిసారి పాడిన రోజు ఫోనులో తీసిన వీడియో, ఎవరికైనా వాట్సాప్‌లో పంపి ఉంటే ఆ తేదీ, ఇవన్నీ ఒకచోట భద్రపరచండి. తరువాత పెట్టినవారికి ఒకసారి మర్యాదగా రాసి, పేరు సరిచేయడానికి వారం గడువు ఇవ్వండి. సరిచేయకపోతే యూట్యూబ్‌లోనే కాపీరైటు ఫిర్యాదు ఫారం ఉంది, దానిని నింపండి. నోటుపుస్తకంలో కొట్టివేతలు ఉన్న పేజీని చింపేసి శుభ్రమైన ప్రతి రాయకండి, మీ పాట మీదేనని చెప్పేది ఆ కొట్టివేతలే.