ఒకే చుక్కగా కనిపించే ఆల్గాల్ రెండు నక్షత్రాలని ఎలా తెలుస్తుంది?

టెలిస్కోపులోనూ ఒకే చుక్కగా కనిపించే నక్షత్రం నిజానికి జంట నక్షత్రమని ఎలా తెలుసుకుంటారని, డాప్లర్ ప్రభావం (వెలుగునిచ్చేది దూరమవుతుంటే దాని కాంతి ఎరుపు వైపుకు, దగ్గరవుతుంటే నీలం వైపుకు జరగడం) వల్ల దాని రంగు మారుతుందా అని, హైదరాబాదు నుంచి ఇలాంటిదేమైనా కంటితో చూడగలమా అని మీరు అడిగారు. మల్కాజిగిరిలో మా డాబా మీద నుంచి కొన్నేళ్లుగా చలికాలంలో అలాంటి జంట నక్షత్రమైన ఆల్గాల్‌ను గమనిస్తున్నాను కనుక చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. చూడవచ్చు, పరికరమేదీ అక్కరలేదు.

పర్సియస్ తారామండలంలోని ఈ నక్షత్రం డిసెంబరు చివరి వారంలో రాత్రి 9 గంటల ప్రాంతంలో ఉత్తరాన, నడినెత్తికి కొంత దిగువన ఉంటుంది. మామూలుగా అది ఆండ్రోమెడా మండలంలోని అల్మాక్‌తో దాదాపు సమానంగా వెలుగుతుంది. కానీ 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి, సుమారు ఐదు గంటలపాటు క్రమంగా మసకబారి, దాదాపు మూడో వంతు కాంతికి తగ్గి, మళ్లీ అంతే సమయంలో కోలుకుంటుంది. మొదటిసారి చూసేవారు పలుచని మబ్బు అడ్డొచ్చిందనే అనుకుంటారు. అందుకే అరగంటకొకసారి అల్మాక్‌తో పోల్చి రాసుకోవడం మంచిది. నగరపు వెలుగులో అది బాగా తగ్గినప్పుడు కనిపెట్టడం కష్టం. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి రంగాపూర్ వేధశాల ఉన్న ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఏదో ఒక గోళం అడ్డు రావడమే ఇందుకు కారణం కావచ్చని, వినికిడి లేని యువకుడు జాన్ గుడ్రిక్ 1783లోనే ఊహించాడు. ఊహ రుజువు కావడానికి మాత్రం వందేళ్లు దాటింది. 1889లో జర్మనీలోని పాట్స్‌డామ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ ఆల్గాల్ వర్ణపటాన్ని (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీని) ఫొటో తీసి పరిశీలించగా, గ్రహణానికి ముందు అందులోని నల్లగీతలు ఎరుపు వైపుకు, తర్వాత నీలం వైపుకు జరిగి ఉన్నాయి. అంటే ప్రకాశవంతమైన నక్షత్రం ముందు మన నుంచి దూరమవుతూ, మసకగా ఉన్న తన తోడు నక్షత్రం వెనుకకు వెళ్లి, తర్వాత దగ్గరవుతోందన్నమాట. నా దృష్టిలో అసలైన సాక్ష్యం ఇదే, ఎందుకంటే వెలుగు తగ్గడానికి నక్షత్రం మీది మచ్చల వంటి వేరే కారణాలూ చెప్పుకోవచ్చు.

రంగు మారదు. ప్రకాశవంతమైన నక్షత్రం అలా దూరమయ్యే, దగ్గరయ్యే వేగం సెకనుకు సుమారు 40 కిలోమీటర్లే. కాంతి వేగంతో పోలిస్తే అది ఏడున్నర వేలలో ఒక వంతు, గీతలు జరిగేదీ అంతే. నక్షత్రపు రంగును నిర్ణయించేది ప్రధానంగా దాని ఉష్ణోగ్రత.

ఒక గ్రహణం అర్ధరాత్రి దొరికితే, మూడో రోజు రాత్రి 9 దాటక ముందే తర్వాతిది చూడవచ్చు. ఆపై మూడు రోజులకు వచ్చేది చీకటి పడే వేళకే సగం ముగిసిపోతుంది కనుక, మళ్లీ అనుకూలమైన రాత్రి కోసం కొన్ని రోజులు ఆగాలి.