పన్ను పీకే ముందు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

క్లినిక్ తెరుస్తున్నావు కాబట్టి ఒక్క విషయం ముందే చెబుతున్నా. యాభై దాటినవాళ్లు చెంప పట్టుకుని వచ్చి "ఈ పన్ను పీకెయ్యండి డాక్టరమ్మా" అనగానే ఫోర్‌సెప్స్ అందుకోకు. అది ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే మొహానికి స్పర్శనిచ్చే నరం నుంచి వచ్చే నొప్పి అయితే పన్ను పోతుంది గానీ నొప్పి పోదు. కొన్నాళ్లకి పక్క పన్ను చూపిస్తారు.

దీన్ని పట్టించేది ఎక్స్‌రే కాదు, నువ్వడిగే ప్రశ్నలు. నొప్పి ఎంతసేపు ఉంటోంది? పంటిపోటు గంటల తరబడి సలుపుతుంది, రాత్రి నిద్రపోనివ్వదు. ఇది కరెంటు షాక్ కొట్టినట్టు వచ్చి క్షణాల్లో, మహా అయితే 2 నిమిషాల్లో ఆగి, మళ్లీ కొడుతుంది. దాదాపు ఎప్పుడూ ఒకే పక్క, ఎక్కువగా పై దవడలోనో కింది దవడలోనో. నిద్రలో అరుదు. ఏం చేస్తే వస్తోందో కూడా అడుగు: మొహం కడుక్కుంటేనా, బ్రష్ చేస్తేనా, నమిలితేనా, బస్సు కిటికీ గాలి తగిలితేనా? ముక్కు పక్కన వేలికొస తగిలినా చాలు కొందరికి. ఒక చెంప మీదే గడ్డం మాసి, పెదవి కదపకుండా మాట్లాడే మనిషిని చూస్తే సగం తెలిసిపోయినట్టే.

పగుళ్లిచ్చిన పన్ను కూడా చురుక్కుమంటుంది, కొరికినప్పుడు. అందుకని ఒక్కో పన్నుతో విడివిడిగా కొరికించి చూడు. మత్తు ఇంజెక్షన్‌తో నొప్పి ఆగింది కదా, తప్పు పన్నుదే అనుకోవద్దు. నొప్పిని రేపే చోటు మొద్దుబారినా ఆగుతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

దూదితో రెండు చెంపలూ తాకి చూడు. స్పర్శ తగ్గినా, వయసు 40 లోపైనా, రెండు పక్కలా వస్తున్నా నరాన్ని నొక్కే గడ్డో, మల్టిపుల్ స్క్లిరోసిస్సో (మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉండొచ్చు, ఎంఆర్‌ఐ ఆలస్యం కాకూడదు. ఆ మాటకొస్తే అందరికీ ఒకసారి తీయించడమే మేలు. నమిలేకొద్దీ దవడ అలసిపోతూ కణత నొప్పిపుడుతోందంటే దారి వేరు, అది కణత దగ్గరి రక్తనాళం వాపు కావొచ్చు, చూపు పోయే ప్రమాదముంది. ఆరోజే పెద్దాసుపత్రికి పంపు.

మామూలు నొప్పి బిళ్లలు ట్రైజెమినల్ న్యూరాల్జియాకి పనిచెయ్యవు. కార్బమజపైన్ అనే మూర్ఛ మందుని సాధారణంగా 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి, న్యూరాలజిస్టే మెల్లగా పెంచుతారు. ముందు రక్తకణాలు, లివర్, సోడియం పరీక్షలు ఉండాలి. మగత, తూలుడు మామూలే. ఒంటిమీద దద్దుర్లు లేస్తే మాత్రం తర్వాతి మాత్ర వేసుకోకుండా అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లమను.

న్యూరాలజిస్టుకి రాసే చీటీలో ఏ పక్క, ఎన్ని సెకన్లు, దేనికి రేగుతోంది, ఇప్పటికే ఏ పళ్లు పీకించుకున్నారు, ఇవన్నీ రాయి.