ఎత్తుకుంటే బిడ్డ చెడిపోదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తున్నాను. పాపకు రెండు నెలలు. మొన్ననే తొలిసారి చూశాను. నేను ఎత్తుకుంటే ఏడుస్తుంది, వాళ్లమ్మ అందుకోగానే ఊరుకుంటుంది. ఊరికే ఎత్తుకుంటే చేతులు మరుగుతుందని మా అమ్మ వారిస్తోంది. నా భార్య పురుడు పోసుకున్నప్పటి నుంచీ ముభావంగా ఉంటోంది, పాప పడుకున్నా తాను నిద్రపోదు. నెలాఖరుకు నేను తిరిగి వెళ్లాలి. పాపకు దగ్గరయ్యేదెలా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: పాప మిమ్మల్ని కాదనడం లేదు. కడుపులో ఉండగానే తల్లి గొంతు విన్న బిడ్డకు మీ గొంతు, మీ ఒంటి వాసన, మీరు పట్టుకునే తీరు అన్నీ కొత్త. పైగా పసిపిల్లల ఏడుపు ఆరో వారం ప్రాంతంలో బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకు గాని తగ్గదు.

మీ అమ్మగారు ప్రేమతోనే వారిస్తున్నారు గాని, ఈ వయసు బిడ్డ విషయంలో ఆ మాటతో నేను ఏకీభవించను. రెండు నెలల పసికందుకు మంకుపట్టు తెలియదు. ఆకలైనా, పక్క తడిసినా, మనిషి తోడు కావాలన్నా ఏడుపే దాని మాట.

పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం మీ పనులుగా చేసుకోండి. కడుపు నిండి పాప మెలకువగా ఉన్న వేళ చొక్కా తీసి, ముక్కు మూసుకుపోకుండా తల పక్కకు తిప్పి, రొమ్ముకు ఆనించుకోండి. ఆ సమయంలో మీరు మాత్రం నిద్రపోకూడదు. పసిబిడ్డ చూపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో బాగా నిలుస్తుంది కనుక, జానెడు దూరం నుంచి పలకరించండి. పాప ‘ఊఁ’ అంటే మీరూ ‘ఊఁ’ అని ఆగండి, మళ్లీ పలికే వ్యవధి ఇవ్వండి. ముఖం తిప్పుకుంటే అలసిందని అర్థం, అప్పుడు బలవంతపెట్టవద్దు. తెలుగులో మాట్లాడాలా, ఒడియాలోనా అన్న సందేహం అక్కర్లేదు, మీ నోటికి ఏది సహజంగా వస్తే అదే మంచిది. సూరత్ వెళ్లాక రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేసి ఒకే జోలపాట పాడండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ భార్య సంగతి. కాన్పయిన కొత్తలో వచ్చే దిగులు సాధారణంగా రెండు వారాల్లో పోతుంది. రెండు నెలలైనా పోలేదంటే అది వైద్యం చేయించవలసిన కుంగుబాటు కావచ్చు. అలాంటి తల్లికి బిడ్డపై మమత పుట్టకపోయినా అది ఆమె తప్పు కాదు. రాత్రి కొన్ని గంటలైనా పాపను మీరు చూసుకుని ఆమెను నిద్రపోనివ్వండి, మీరు బయలుదేరేలోగా డాక్టరుకు చూపించండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. చనిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో అన్న మాట ఆమె నోట వస్తే, ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.