నత్తలు తినని మొక్క కాదు, నత్త నీళ్లలో బతికే మొక్క కావాలి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. వరి చేను, చిన్న రొయ్యల చెరువు ఉన్నాయి. ఏడాదిగా షెడ్డులో 200 లీటర్ల గాజు తొట్లు 12 పెట్టి గప్పీ, మోలీ చేపల్ని పెంచి అమ్ముతున్నాం. నీటి మొక్కలు కూడా అమ్ముదామని కబొంబా, క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్ తెచ్చి నాటాం. చిన్న నత్తలు విపరీతంగా పెరిగి ఆకులన్నీ చిల్లులు పెడుతున్నాయి. పాచి తింటాయని చేలోంచి నాలుగు పెద్ద గుల్లల్ని, అంటే పెద్ద నత్తల్ని కూడా తెచ్చి వేశాం. మొక్కలు అమ్మిన డీలరు నత్తలకు రాగి మందు ఇచ్చాడు. ఒక తొట్టిలో వేస్తే నత్తలు చచ్చాయి గానీ, మర్నాడు పొద్దుటికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మిగతా తొట్లలో వేయమంటారా? నత్తలు తినని మొక్కలేమైనా ఉన్నాయా?

జవాబు: వేయకండి. ఆ ఒక్క తొట్టి సంగతి ముందు ఇవాళే చూడండి. చచ్చిన నత్తలు కంకరలో కుళ్లి అమ్మోనియా వదులుతున్నాయి, రాగి చేప మొప్పల్ని దెబ్బతీస్తోంది. రెండూ కలిశాయి కాబట్టే చేపలు పైకి తేలాయి. గొట్టం పెట్టి అడుగున ఉన్న గుల్లలన్నీ లాగేయండి. సగం నీళ్లు తీసి, ఒక రోజు నిల్వ ఉంచి గాలి కొట్టిన నీళ్లు పోయండి. తర్వాత మూడు రోజులు రోజూ పావు వంతు చొప్పున మార్చండి. ఎయిరేటరు ఆపొద్దు, రెండు రోజులు మేత వేయొద్దు. ఫిల్టరులో 200 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ సంచిలో కట్టి పెడితే రాగి కొంత తగ్గుతుంది. ఆ తొట్టిలో కంకర మార్చేదాకా మళ్లీ నత్తల్ని వేయకండి. రాగి కంకరకు పట్టుకుని ఉండిపోతుంది.

రొయ్యల రైతు మీరు. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, చెరువులో వేసే ముందు ఆల్కలినిటీ (నీటి క్షార గుణం) చూడాలని మీకు తెలియనిది కాదు. లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఆల్కలినిటీ ఉన్న నీళ్లలో దాన్ని అసలు వాడకూడదు. చెరువుకు పాటించే జాగ్రత్త గాజు తొట్టికి ఎందుకు పాటించలేదు? సీసా మీద రాగి ఎంత శాతమో రాయని మందును, నీటి పరీక్ష అడగకుండా అమ్మిన మనిషి మాట వినడం మొదటి పొరపాటు. మొక్కలు చెడితే మళ్లీ ఆయన దగ్గరే కొంటారని ఆయనకు తెలుసు.

ఇక ఆకుల సంగతి. నత్తలు చిల్లులు పెడుతున్నాయని మీరు తేల్చేశారు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తొట్లలో మూడు వేర్వేరు సమస్యలు ఉన్నట్టున్నాయి. చక్రంలా చుట్టుకున్న చిన్న నత్తలకు, మొనదేలిన సన్న నత్తలకు ఆరోగ్యంగా ఉన్న గట్టి ఆకును కొరికే శక్తి లేదు. అవి పాచి, మిగిలిన మేత, కుళ్లుతున్న ఆకు తింటాయి. చచ్చిపోతున్న ఆకు మీద చేరిన నత్తను చూసి అదే చంపిందనుకోవడం మామూలే.

పొద్దున్నే తొట్టి చూడండి. కబొంబా కాడలు తెగి పైన తేలుతుంటే అది చేలోంచి తెచ్చిన పెద్ద గుల్లల పని. అవి రాత్రి పూట మెత్తని మొక్కల్ని నిజంగానే నమిలేస్తాయి. నాలుగింటినీ ఇవాళే తీసేయండి. రెండోది, అమెజాన్ స్వోర్డ్ పాత ఆకుల మీద గుండుసూది మొనంత చిల్లులు పడి, చుట్టూ పసుపు అంచు వస్తుంటే పొటాష్ లోపం. మూడోది, క్రిప్టోకొరైన్ ఆకులు జిగురులా కరిగి కూలిపోతుంటే అది తెగులు కాదు. ఆ మొక్కకు నీళ్లు, చోటు మారితే పాత ఆకులన్నీ వదిలేస్తుంది. వేళ్లు తెల్లగా గట్టిగా ఉంటే పీకొద్దు, మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వేస్తుంది. పైగా నర్సరీల్లో చాలా మొక్కల్ని నీటి పైన పెంచి అమ్ముతారు. అలా పెరిగిన ఆకు నీళ్లలో నిలవదు. కరిగిన ఆకుల్ని కత్తెరతో కత్తిరించి బయట పడేస్తే నత్తలకు సగం మేత తగ్గుతుంది.

పొటాష్‌కు ప్రత్యేక సీసాలు కొనక్కర్లేదు. నీళ్లలో పూర్తిగా కరిగే సల్ఫేట్ ఆఫ్ పొటాష్, అదే సంచి మీద 0-0-50 అని ఉండేది, 20 గ్రాములు అర లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకోండి. వారానికోసారి నీళ్లు మార్చాక ఒక్కో తొట్టికి 50 మిల్లీలీటర్లు పోయండి. అంటే 2 గ్రాముల ఎరువు, లీటరుకు సుమారు 4 మిల్లీగ్రాముల పొటాషియం అందుతుంది. చేలో చల్లే ఎర్ర పొటాష్ వద్దు, యూరియా అసలే వద్దు. చిల్లు పడిన ఆకు మళ్లీ పూడదు, కొత్త ఆకు ఎలా వస్తోందో చూసి నిర్ణయించుకోండి.

నత్తలు ఎందుకు పెరిగాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారు, అంతే. రెండు పూటలా, చేప రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. ఉన్నవాటిని తగ్గించడానికి సొరకాయ ముక్కను వేడి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, దారం కట్టి రాత్రి తొట్టి అడుగుకు దించండి. తెల్లారగానే దానికి పట్టిన నత్తలతో సహా పైకి తీయండి. పది రోజులు వరసగా చేస్తే మందు అక్కర్లేదు. అన్నిటినీ తీసేయకండి, తొట్టికి పాతిక ముప్ఫై ఉంటే గాజు, ఆకులు శుభ్రంగా ఉంటాయి.

మీరు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే. నత్త గుల్ల సున్నంతో కట్టినది. నీళ్ల పీహెచ్ 7 కంటే తగ్గితే గుల్ల మీద తెల్లటి గుంటలు పడి కరిగిపోతుంది. కాబట్టి నత్తకు కాస్త కఠినమైన నీళ్లు కావాలి. పీహెచ్ 7.2 నుంచి 7.8, హార్డ్‌నెస్ లీటరుకు 120 నుంచి 200 మిల్లీగ్రాములు ఉంటే సరిపోతుంది. మోలీలకూ అవే నీళ్లు నచ్చుతాయి. ఆ నీళ్లలో హాయిగా పెరిగే మొక్కనే ఎంచుకోవాలి. అప్పుడు ఆకు బలంగా ఉంటుంది, నత్త దాని జోలికి రాదు. కబొంబాకు మెత్తటి నీళ్లు కావాలి. మీ తొట్లలో అది సూదుల్లాంటి ఆకులు రాలుస్తూనే ఉంటుంది. దాన్ని వదిలేయండి. మొక్కలు పెరగాలని కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు కూడా పెట్టకండి. పీహెచ్ పడిపోతుంది, గుల్లలు పాడవుతాయి.

మీకు సరిపడేది మొదట వాలిస్నేరియా. కఠిన నీళ్లు, మన ఎండాకాలం వేడి, కాలువలు కట్టేశాక వాడే బోరు నీటిలోని కొద్దిపాటి ఉప్పు, అన్నీ తట్టుకుంటుంది, పక్కకు తీగలు పాకి పిలకలు వేస్తుంది. అమ్మకానికి అదే మేలు. ఒక్క జాగ్రత్త, లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే గ్లూటరాల్డిహైడ్ తగిలితే కరిగిపోతుంది. నాటేటప్పుడు వేళ్లు మాత్రమే ఇసుకలో ఉండాలి, మొదలు పైకి కనపడాలి. తర్వాత అనూబియాస్, జావా ఫెర్న్. ఈ రెంటి ఆకులు తోలులా మందంగా ఉంటాయి, పెద్ద గుల్లలు కూడా సాధారణంగా ముట్టవు. వీటిని ఇసుకలో పాతితే అడ్డంగా పాకే కాండం కుళ్లి మొక్క చస్తుంది. రాయికో మొద్దుకో నూలు దారంతో కట్టండి, లేదా రెండు చుక్కల సూపర్ గ్లూ జెల్‌తో అతికించండి. జావా ఫెర్న్ ఆకు అడుగున వరసగా గోధుమ రంగు చుక్కలు వస్తాయి, అవి నత్త గుడ్లు కావు, మొక్క సిద్ధబీజాలు (స్పోర్లు). నత్త గుడ్లు పారదర్శకమైన జిగురు ముద్దల్లా ఉంటాయి. క్రిప్టోకొరైన్‌లో వెండ్టై రకం ఉంచుకోండి, 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఇసుకను 5, 6 సెంటీమీటర్ల మందాన వేసి నాటండి. పైన తేలే హార్న్‌వర్ట్ కొంత ఉంటే నీటిలోని అమ్మోనియా పీల్చుకుంటుంది. లైటు రోజుకు 7 గంటలు చాలు, అంతకంటే ఎక్కువైతే అనూబియాస్ ఆకుల మీద పాచి పడుతుంది.

ఈ తొట్లలోకి ఏది పోసే ముందైనా మీ చెరువు నీళ్లు చూపించే ల్యాబులోనే తొట్టి నీళ్లూ ఇవ్వండి. పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, ఈ నాలుగూ అడగండి. హార్డ్‌నెస్ తక్కువ వస్తే ఆల్చిప్పల్ని కడిగి చితక్కొట్టి 100 గ్రాములు నైలాన్ సంచిలో కట్టి ఫిల్టరులో పెట్టండి. వారం తర్వాత మళ్లీ కొలిపించండి. బోరు నీళ్లు వాడే రోజుల్లో ఉప్పు కూడా చూపించండి. మోలీల కోసం కల్లుప్పు వేసే అలవాటుంటే మొక్కల తొట్లలో మానేయండి.

కొత్త మొక్కల్ని నేరుగా తొట్టిలో వేయకండి. 4 లీటర్ల నీళ్లకు 2 టేబుల్ స్పూన్ల పటిక పొడి కరిగించి, మొక్కల్ని 24 గంటలు నానబెట్టి బాగా కడగండి. గుడ్లు కొన్ని తప్పించుకుంటాయి కాబట్టి వేరే తొట్టిలో మూడు వారాలు ఉంచి చూడండి. కాలువ నాచు, అంతరతామర ఊరికే వస్తున్నాయని తెచ్చి వేయొద్దు. వాటితో చేల పురుగుమందు వస్తుంది, చప్పిడి నీటి నత్తలూ వస్తాయి. మీ గేదెలకు కార్జపు జలగల్ని (కాలేయంలో చేరే పరాన్నజీవుల్ని) చేరవేసేది అలాంటి నత్తే. అందుకే తొట్లో చేయి పెట్టాక సబ్బుతో కడుక్కోండి.

తీసిన నత్తల్ని, మొక్కల తుక్కును కాలువలో పారబోయొద్దు. మన కాలువలు నింపేస్తున్న గుర్రపు డెక్క కూడా ఒకప్పుడు అందానికి తెచ్చుకున్న మొక్కే. నత్తల్ని ఉప్పు నీళ్లలో వేసి చంపి, గట్టుకు దూరంగా గోతిలో పూడ్చండి. మొక్కల్ని ఎండబెట్టి కంపోస్టులో వేయండి.

మూడు వారాలయ్యాక కూడా కొత్త ఆకులకే చిల్లులు పడుతుంటే, ఆ ఆకుల్ని తడి గుడ్డలో చుట్టి, నీటి పరీక్ష కాగితంతో పాటు తీసుకుని రండి. ఈలోపు తొట్టిలో ఏ సీసా వంచకండి.